జీర్ణమండల పదజాలం: జంషెడ్‌పూర్ తెలుగువారి నాలుగు భాషలు

తిన్నది నోటి నుంచి పాయువు దాకా సాగే దారిలోని అవయవాలకు, వాటి పనులకు, వాటికొచ్చే జబ్బులకు ఉన్న పేర్లన్నీ కలిపి జీర్ణమండల పదజాలం. తెలుగులో ఇది మూడు అంచెలుగా ఉంది. ఇంట్లో కడుపు, పాఠ్యపుస్తకంలో జఠరం లేదా జీర్ణాశయం, ఆసుపత్రి చీటీ మీద గ్రీకు మూలం ఉన్న గాస్ట్రిక్. జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ తెలుగువారికి నాలుగో అంచె కూడా ఉంది, అది హిందీ.

1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. ఆ తరువాత ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కుటుంబాలెన్నో ఇక్కడే స్థిరపడ్డాయి. వలసకు తెలుగు జాతీయం కూడా జీర్ణమండలం నుంచే పుట్టడం తమాషా. ఊళ్లో టాటా మెయిన్ హాస్పిటల్ 1908 నుంచి, మహాత్మా గాంధీ స్మారక వైద్య కళాశాల 1961 నుంచి ఉన్నాయి. వైద్యుడి గదిలో మాట సాధారణంగా హిందీలో నడుస్తుంది, రాత ఇంగ్లీషులో ఉంటుంది. రోగి బాధపడేది మాత్రం తెలుగులో.

ఇంటి మాటలు

బాధను చెప్పడంలో ఇంటి తెలుగుకు సాటి లేదు. కడుపునొప్పి వేరు, కడుపుబ్బరం వేరు, కడుపులో మంట వేరు. వికారం మొదలై డోకు వచ్చి వాంతి అవుతుంది, అంటే ఒకే ఇబ్బందికి మూడు మెట్లున్నాయి. పులితేన్పు అనగానే ఆమ్లం గొంతు దాకా వచ్చిందని వేరే చెప్పక్కర్లేదు. నీళ్లవిరేచనాలు, జిగటవిరేచనాలు, రక్తవిరేచనాలు అన్న తేడా వైద్యుడికి సగం పని తగ్గిస్తుంది. 'లూజ్ మోషన్స్' అన్న అరువు మాట ఈ తేడాలన్నిటినీ తుడిచిపెట్టింది.

అన్నిటికన్నా గొప్ప మాట 'అరగడం'. మెట్టు అరుగుతుంది, చెప్పు అరుగుతుంది, అన్నమూ అరుగుతుంది. సంస్కృతంలోని 'జీర్ణం' కూడా ఇదే దారి పట్టింది. జీర్ణవస్త్రం చిరిగి పాతబడినది, జీర్ణాలయం శిథిలమైనది. రెండు వేర్వేరు కుటుంబాల భాషలూ జీర్ణక్రియను అరిగిపోవడంగానే చూశాయి. ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ పదానికి మాత్రం విడదీసి పంచడం అని అర్థం.

ఇంటి మాటకు లోపమూ ఉంది. 'కడుపు' అంటే జీర్ణాశయం, పొత్తికడుపు, గర్భం కూడా. ఇక 'గుండెల్లో మంట' చాలాసార్లు గుండెది కాదు, జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం వల్ల పుట్టేది. అలాగని ఛాతీలో నొప్పిని గ్యాస్ అనుకుని ఊరుకోవడమూ ప్రమాదమే.

ఒకే పదం, వేరే అవయవం

పాఠ్యపుస్తకాల తెలుగు అన్నవాహిక, కాలేయం, పిత్తాశయం, క్లోమం, ఉండుకం వంటి పేర్లను స్థిరపరిచింది. 1968లో ఏర్పడ్డ తెలుగు అకాడమీ వీటిని కళాశాల పుస్తకాల్లోకి చేర్చింది. హిందీ పారిభాషిక పదాల కోసం కేంద్రం 1961లోనే ఒక కమిషన్ వేసింది. ఇద్దరూ సంస్కృతం నుంచే తీసుకున్నారు గానీ ఒకే పదాన్ని వేర్వేరు అవయవాలకు అంటించారు.

తెలుగులో క్లోమం అంటే ఇన్సులిన్‌ను, జీర్ణరసాన్ని తయారుచేసే గ్రంథి. హిందీ జీవశాస్త్ర పుస్తకంలో 'క్లోమ్' అంటే చేప మొప్పలు, ఆ గ్రంథికి అక్కడ 'అగ్న్యాశయ్' అని పేరు. ప్రాచీన ఆయుర్వేద గ్రంథాల్లోని క్లోమం ఏ అవయవమన్నది పండితుల మధ్య ఇప్పటికీ వివాదమే, కాబట్టి తప్పు ఎవరిదీ కాదు. తెలుగులో గ్రహణి ఒక జబ్బు, విడవకుండా పీడించే విరేచనాలు. హిందీలో 'గ్రహణీ' చిన్నప్రేగు మొదటి భాగం, మనం ఆంత్రమూలం అనేది. హిందీ 'ఆమాశయ్' జీర్ణాశయమైతే, అదే మాట బెంగాలీ ఇంట్లో జిగటవిరేచనాల జబ్బు. హిందీ, బెంగాలీ, తెలుగు ఒకే వీధిలో వినిపించే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. పచ్చకామెర్లకు హిందీలో 'పీలియా' అన్నది మాత్రం గందరగోళం లేని మాట, అక్కడా పసుపు రంగే ఆధారం.

చీటీ మీది పదాలు

గ్రీకు మాటలు ముక్కలుగా విప్పితే లొంగుతాయి. 'గాస్ట్ర్' జీర్ణాశయం, 'ఎంటర్' ప్రేగు, 'హెపట్' కాలేయం. చివర 'ఐటిస్' ఉంటే వాపు, అంటే శోథ. అందుకే హెపటైటిస్ కాలేయ శోథ అయింది. డుయోడినం అన్న పేరు వెనక ఉన్నది పన్నెండు వేళ్ల వెడల్పు కొలత. ఆ భాగం నిజంగానే సుమారు 25 సెంటీమీటర్ల పొడవుంటుంది.

'ఎక్టమీ' అంటే కోసి తీసివేయడం. 'కోలె' పిత్తం, 'సిస్ట్' సంచి, కాబట్టి కోలెసిస్టెక్టమీ అంటే పిత్తాశయాన్ని తీసేయడం. కోలెక్టమీ వేరు, అది పెద్దప్రేగును మొత్తంగానో కొంతభాగంగానో తీసేయడం. చెవికి రెండూ దగ్గరగానే వినిపిస్తాయి. శస్త్రచికిత్స అంగీకారపత్రం మీద సంతకం పెట్టే ముందు, తీసేది ఏ అవయవమో మీ పొట్ట మీదే వేలితో చూపించమని వైద్యుణ్ని అడగండి.