ఆటల పెట్టెలో టీవీ

మా ఇంట్లో ఒకప్పుడు టూ ఇన్ వన్ ఉండేది. రేడియో, టేప్ రికార్డరు ఒకే పెట్టెలో అన్నమాట. కొన్న ఏడాదికల్లా క్యాసెట్లు నమిలెయ్యడం మొదలెట్టింది. రిపేరుకిస్తే మూడు వారాలు షాపులోనే కాపరం పెట్టింది. ఆ మూడు వారాలూ ఇంట్లో పాటలూ లేవు, వార్తలూ లేవు. "రెండూ విడివిడిగా కొందామంటే విన్నారా?" అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

2013 చలికాలంలో అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా ఆ పెట్టె మళ్లీ గుర్తుకొచ్చింది. ఆ నవంబరులోనే రెండు కొత్త ఆటల పెట్టెలు వారం తేడాలో అక్కడి బజారులోకి వచ్చాయి. సోనీ వారి ప్లేస్టేషన్ 4 ధర 399 డాలర్లు. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ వన్ 499. మా అల్లుడు రెండోదే కావాలన్నాడు.

"ఇందులో లైవ్ టీవీ కూడా చూడొచ్చు మావయ్యగారూ. నోటితో చెబితే చాలు, టీవీ పెడుతుంది."

ఆ నోటిమాట వినే కైనెక్ట్ అనే కెమెరా కూడా పెట్టెతోపాటే వస్తుంది. ఎక్కువ ధరలో దాని వాటా ఉండనే ఉంది. నాకా, వంద డాలర్లంటే గుండె గుభేలుమంటుంది. పైగా చేతినిండా తీరిక. టీవీకీ ఆటకీ ఇలా ముడిపెట్టినవాళ్లు ఇదివరకెవరన్నా ఉన్నారా అని తవ్వడం మొదలుపెట్టాను.

అసలు ఈ పెట్టెలు పుట్టిందే టీవీ పంచన. ఇంటింటా ఉన్న టీవీతో చూడడం తప్ప ఇంకేమన్నా చెయ్యొచ్చా అని 1966లో అమెరికాలో రాల్ఫ్ బేయర్ అనే ఇంజనీరుకు తోచింది. 1968లో ఒక కేబుల్ టీవీ కంపెనీతో కలిపి నడిపిద్దామని బేరాలు కూడా సాగాయి. ఆ కంపెనీకి డబ్బు ఇబ్బందులొచ్చి ఆగిపోయాయి. చివరికి 1972లో మాగ్నవాక్స్ ఒడిస్సీ పేరుతో ఆటల పెట్టె ఒక్కటే ఒంటరిగా బయటికొచ్చింది.

1990లో జపానులో సెగా వారు గేమ్ గేర్ అని చేతిలో పట్టుకునే పెట్టె తెచ్చారు. దానికి టీవీ ట్యూనరు విడిగా అమ్మేవారు. తగిలిస్తే అరచేతిలో టీవీ! ఆరు బ్యాటరీలు వేస్తే నాలుగైదు గంటల్లో హరీమనేవి, అది వేరే సంగతి. 2009 జూన్‌లో అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ పాత పద్ధతి ప్రసారాలు ఆపేశాక ఆ ట్యూనరుకు పట్టుకోవడానికి దాదాపు ఏమీ మిగల్లేదు. పెట్టెలో ఆటలు మాత్రం అలాగే ఆడుతున్నాయి.

2003లో సోనీ వారు పీఎస్ఎక్స్ అని ఇంకో ఘనకార్యం చేశారు. ఆటలు, టీవీ, రికార్డింగు, డీవీడీ రాసుకోవడం, అన్నీ ఒకదాంట్లోనే. 79,800 యెన్లది ఒకటి, 99,800 యెన్లది ఒకటి. పాపం, జపాను పొలిమేర దాటలేదు.

ఇదంతా భోజనాల దగ్గర ఏకరువు పెడుతుంటే మా అమ్మాయి అడ్డొచ్చింది.

"ఈ పెట్టె వస్తే కేబుల్ బిల్లు తగ్గుతుందా?"

"తగ్గదు. కేబుల్ డబ్బా తీగని దీని వెనక గుచ్చాలి. దీన్నించి ఇంకో తీగ టీవీకి."

"అంటే ఆ డబ్బా కూడా ఉండాల్సిందే. మరి ఈ పెట్టె ఆపేస్తే?"

అల్లుడు కాస్త నీళ్లు నమిలాడు. "అలా కలిపితే, ఇది నడుస్తుంటేనే టీవీ వస్తుంది."

"అయితే ఉన్న రెండింటికీ మూడోది తగిలించడమేగా!"

నేను వారం రోజులు తవ్వింది అది మూడు ప్రశ్నల్లో తేల్చేసింది. అల్లుడి పక్షాన ఒక మాట చెప్పాలి. ఆట మధ్యలో మ్యాచి స్కోరు చూసి మళ్లీ ఆటలోకి దూరడం సరదాగానే ఉంటుంది. కాదనను. కానీ ధర లెక్క వేసేటప్పుడు టీవీకి సున్నా వెయ్యాలి. అప్పటికీ ఆటల కోసం అదే నచ్చితే నిక్షేపంగా కొనుక్కోవచ్చు. అల్లుడు రెండు రోజులు ముభావంగా తిరిగి 399దే తెచ్చాడు.

తరవాతి కథ మీకూ తెలిసే ఉంటుంది. 2014 జూన్‌లో మైక్రోసాఫ్ట్ వారే కెమెరా తీసేసి తమ పెట్టెను 399కి దించారు. నింటెండో వారి వీ యూ పెట్టెలో 2012 డిసెంబరులో అమెరికాలో మొదలైన టీవీ సదుపాయం 2015 ఆగస్టులో మూతపడింది. ఐరోపాకు రానేలేదు. సోనీ వారి ప్లేస్టేషన్ వ్యూ 2015లో మొదలై 2020 జనవరితో సరి. ఆ ఏడు నవంబరులో వచ్చిన కొత్త ఎక్స్‌బాక్సులకు కేబుల్ తీగ గుచ్చే రంధ్రమే లేదు.

మొన్న మనవడు ఫోన్ చేసి కొత్త పెట్టె కొంటున్నానన్నాడు. పాత అలవాటుకొద్దీ, "అందులో లైవ్ టీవీ వస్తుందట్రా?" అని అడిగాను.

"ఎందుకు తాతయ్యా?" అన్నాడు.