బుచ్చెల్లాతో: సిసిలీ క్రిస్మస్ అంజీర్ పిండివంట

బుచ్చెల్లాతో ఇటలీ దక్షిణాన ఉన్న సిసిలీ ద్వీపంలో క్రిస్మస్‌కు చేసుకునే పిండివంట. ఎండు అంజీర్, బాదం, అక్రోటు, నారింజ తొక్క, సుగంధ ద్రవ్యాలు కలిపిన పూర్ణాన్ని పిండిపొరలో చుట్టి ఓవెన్‌లో కాలుస్తారు. పెద్ద కంకణంలా చేసినదాన్ని బుచ్చెల్లాతో అనీ, చిన్న ముక్కలుగా చేసినవాటిని బుచ్చెల్లాతీ లేదా బుచ్చెల్లాతీనీ అనీ అంటారు. సిసిలీ భాషలో ఇది కుచ్చిద్దాతు. అమెరికాలో స్థిరపడిన సిసిలీ కుటుంబాల వాడుకలో కుచ్చిదాతీ. దీనికి అందరూ ఒప్పుకున్న ఒకే కొలత లేదు. ఊరు మారితే పూర్ణం మారుతుంది, ఒకే వీధిలో ఇల్లు మారినా పాళ్లు మారతాయి. అందుకే దీని చరిత్ర సగం ద్వీపానికి చెందితే, సగం ఇళ్లకు చెందుతుంది.

పేరు

లాటిన్‌లో ‘బుక్కెల్లా’ అంటే నోట్లో పట్టేంత ముద్ద. తెలంగాణలో అన్నం ముద్దను బుక్క అనడం దీన్ని గుర్తుకు తెస్తుంది, అయితే అది ధ్వనిలో కనిపించే పోలిక మాత్రమే. ఆ లాటిన్ మాట నుంచి పుట్టిన ‘బుక్కెల్లాతుమ్’ రోమన్ సైనికులకు ఇచ్చే గట్టి రొట్టె పేరు. చాలాకాలం నిల్వ ఉండేలా దాన్ని బాగా ఎండేదాకా కాల్చేవారు. రోమన్ సామ్రాజ్యపు చివరి రోజుల్లో ప్రభువులు సొంతంగా పోషించుకున్న సైనికులకు బుక్కెల్లారీ అనే పేరు ఈ రొట్టె వల్లే వచ్చింది. ఆ రొట్టెలో పూర్ణం లేదు, తీపి లేదు. నేటి వంటకు దాని నుంచి దక్కింది పేరొక్కటే. ఉత్తరాన లుక్కా నగరంలోనూ బుచ్చెల్లాతో ఉంది. అది ఎండుద్రాక్ష, సోపు లాంటి ఆనిస్ గింజలు వేసి చేసే తీపి రొట్టె. సిసిలీ వంటకూ దానికీ పేరులో తప్ప చేసే తీరులో పోలిక లేదు.

చరిత్ర

ఈ పూర్ణంలోని దినుసులు వేర్వేరు కాలాల్లో ద్వీపానికి చేరాయి. అంజీర్, బాదం, తేనె మధ్యధరా ప్రాంతంలో ప్రాచీన కాలం నుంచీ ఉన్నవే. ద్రాక్షరసాన్ని చిక్కబడేదాకా మరిగించి చేసే విన్‌కొత్తో కూడా పాతదే. పంచదార అందుబాటులోకి రాక ముందు తీపి వీటి నుంచే వచ్చేది.

అరబ్ సేనలు 827లో సిసిలీలో దిగి, 831లో పలెర్మో నగరాన్ని గెలిచాయి. వాళ్ల పాలనలో చెరకు, నిమ్మ, చేదు నారింజ తోటలు, వాటికి కావలసిన నీటిపారుదల పద్ధతులు ద్వీపంలో వేళ్లూనాయి. 1072లో పలెర్మో నార్మన్ల చేతికి వచ్చాక కూడా ఆ సాగు నిలిచింది. పండ్లనూ తొక్కలనూ పంచదార పాకంలో ఊరబెట్టే విద్య సిసిలీ మిఠాయిలకు పునాది అయింది. గుమ్మడి జాతి కాయను పాకంలో ఊరబెట్టి చేసే జుక్కాతా ఇప్పటికీ పలెర్మో బుచ్చెల్లాతోలో పడుతుంది. స్పెయిన్ ఏలుబడిలో అమెరికా ఖండం నుంచి చాక్లెట్ వచ్చింది. 1773లో ఇంగ్లిష్ వర్తకుడు జాన్ వుడ్‌హౌస్ మర్సాలా రేవు నుంచి అక్కడి ద్రాక్షసారాను ఎగుమతి చేయడం మొదలుపెట్టాడు. తర్వాతి కాలంలో ఆ మర్సాలా పూర్ణాన్ని తడిపే ద్రవమైంది.

ద్వీపంలోని మిఠాయిల విద్యను చాలాకాలం కాపాడింది కన్యాస్త్రీల మఠాలు. 1866లో ఇటలీ ప్రభుత్వం మత సంఘాలను రద్దు చేస్తూ చట్టం తెచ్చాక ఎన్నో మఠాలు మూతపడ్డాయి. అయితే బుచ్చెల్లాతో మఠాల వంటగదులకే పరిమితమైనది కాదు. రైతు ఇంట్లో దొరికే సరుకుతో అయిపోయే వంట కావడంతో అది ఊళ్లలో నిలబడింది.

ఇది క్రిస్మస్ వంట కావడానికి వెనక పంటల లెక్క ఉంది. బాదం, అంజీర్ వేసవి చివర చేతికి వస్తాయి. అంజీర్‌ను రెల్లు చాపల మీద ఎండబెట్టి దాస్తారు. నారింజ శీతాకాలం మొదట్లో పండుతుంది. పందులను కోసేది కూడా చలికాలంలోనే, దానితో పిండిలో కలిపే కొవ్వు సమకూరుతుంది. ఇవన్నీ ఒకేసారి ఇంట్లో ఉండే నెల డిసెంబరు.

తయారీ

ఇది రెండు రోజుల పని. మొదటి రోజు పూర్ణం చేస్తారు. అంజీర్ కాడలు తీసి, గట్టిగా ఉంటే వేడినీళ్లలో నానబెట్టి, మరలో వేసి రుబ్బుతారు. వేయించిన బాదం, అక్రోటు, ఎండుద్రాక్ష, నారింజ తొక్క, దాల్చినచెక్క, లవంగం, తేనె, మర్సాలా చేర్చి సన్నసెగ మీద దగ్గరపడనిస్తారు. చల్లారాక చాక్లెట్ ముక్కలు, పిస్తా కలుపుతారు. ఒక రాత్రి ఊరితే ఘాటు తగ్గి రుచులన్నీ కలిసిపోతాయి.

పైపొరకు మైదా, పంచదార, పంది కొవ్వు, గుడ్డు, కొద్దిగా పాలు కావాలి. కొవ్వు పిండిలోని జిగురును సాగనివ్వదు కాబట్టి పొర కరకరలాడుతుంది. ఎక్కువగా పిసికితే గట్టిపడుతుంది. పొంగడానికి బేకింగ్ పౌడర్‌గానీ, బేకింగ్ అమ్మోనియాగానీ వేస్తారు. పిండిని చల్లగా ఉంచి, తర్వాత పలచగా వత్తి, మధ్యలో పూర్ణాన్ని వరుసగా పేర్చి చుడతారు. కంకణం చేయాలంటే రెండు కొసలనూ కలుపుతారు. పైన కత్తితో గాట్లు పెడతారు, లేదా చిన్న పట్టకారుతో నొక్కుతూ ఆకుల్లాంటి నగిషీ దిద్దుతారు. గాట్ల వల్ల లోపలి ఆవిరి బయటికి పోతుంది, పొర పగలదు. సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో, చిన్నవి 20 నిమిషాల్లో బంగారు రంగుకు వస్తాయి.

పెద్ద కంకణానికి ఆప్రికాట్ జామ్ పూసి, పిస్తా, పాకం పండ్లు అలంకరిస్తారు. చిన్నవాటికి తెల్లని పంచదార పూత పూసి, రంగురంగుల చిట్టి పంచదార గింజలు చల్లుతారు. గాలి తగలని డబ్బాలో కొన్ని వారాలు నిల్వ ఉంటాయి.

ఒకరి చేతుల మీదుగా తేలిగ్గా అయ్యే వంట కాదిది. ఒకరు రుబ్బితే మరొకరు వత్తుతారు, ఇంకొకరు చుడతారు. చల్లే పని పిల్లలది. ఇటలీలో డిసెంబరు 8న వచ్చే మరియ పండుగతో క్రిస్మస్ సందడి మొదలై, జనవరి 6 దాకా సాగుతుంది. వండినది ఇరుగుపొరుగుకూ బంధువులకూ పళ్లేల్లో వెళ్తుంది.

సముద్రం దాటిన వంట

1880 నుంచి 1920 దాకా సుమారు 40 లక్షల మంది ఇటాలియన్లు అమెరికాకు వలస వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది పేద దక్షిణ ప్రాంతాలవారు, సిసిలీవారు. న్యూయార్క్, న్యూ ఆర్లీన్స్, షికాగో లాంటి నగరాల్లో దొరికిన సరుకుకు తగ్గట్టు వంట మారింది. పంది కొవ్వు స్థానంలో వెన్న, వనస్పతి వచ్చాయి. కొన్ని ఇళ్లలో మర్సాలాకు బదులు విస్కీ పోశారు, పూర్ణంలో ఖర్జూరం, పికాన్ గింజలు చేరాయి. న్యూ ఆర్లీన్స్‌లో దీనికి మరో పండగ కూడా దక్కింది. మార్చి 19న సెయింట్ జోసెఫ్ గౌరవార్థం పేర్చే వేదికల మీద అంజీర్ పూర్ణంతో చేసిన పెద్ద కుచ్చిదాతీలను నగిషీలు చెక్కి నివేదిస్తారు.

నేటి స్థితి

ఇటలీ ప్రభుత్వం సంప్రదాయ ఆహారాల జాబితాలో బుచ్చెల్లాతోను చేర్చింది. కనీసం 25 ఏళ్లుగా ఒకే తీరులో చేస్తున్న వంటలకే ఆ జాబితాలో చోటు. పలెర్మో మిఠాయి దుకాణాల్లో శీతాకాలమంతా పెద్ద కంకణాలు దొరుకుతాయి. అయినా ఈ వంటను బతికిస్తున్నది ఇళ్లే. పిండి ఎప్పుడు చాలో, పూర్ణం ఎంత దగ్గరపడాలో కాగితం మీద రాసి ఉండదు, చేసేవారి పక్కన నిలబడి చేత్తో తెలుసుకోవలసిందే. అలా నేర్చుకునే పిల్లలు ఉన్నంతకాలం, ప్రతి ఇంటి బుచ్చెల్లాతో ఆ ఇంటిదిగానే ఉంటుంది.