రూర్ బొగ్గు గనులు ఎలా మూతపడ్డాయి

మన కుటుంబం పేజీలో ఇప్పటిదాకా పెళ్ళిళ్ళ ఫొటోలు, ఇంటిపేరు సంగతి, చిత్తూరు పక్కనుంచి కోలారు బంగారు గనులకి వచ్చిన తాత కథ, ఇవే రాశాము. ఈసారి జర్మనీ గురించి రాస్తున్నా. కారణం చివర్లో తెలుస్తుంది. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకోండి.

2019లో ఆఫీసు టెస్టింగ్ పని మీద ఎస్సెన్ అనే ఊరికి పోయినాను. రూర్ బొగ్గు ప్రాంతం అది. అక్కడ త్సోల్‌ఫెరైన్ అని పెద్ద పాత గని ఉంది. 1986లో మూసేశారు, 2001లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. మన ఊరి గని మూతపడింది కూడా 2001లోనే. ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడిపోయినాను. అప్పటినుంచి వీళ్ళ కథ చదువుతా ఉన్నాను.

1957లో పశ్చిమ జర్మనీ బొగ్గు గనుల్లో దాదాపు 6 లక్షల మంది పనిచేసేవాళ్ళు. మరుసటి ఏడే చౌక చమురు, అమెరికా బొగ్గు వచ్చిపడ్డాయి. తవ్విన బొగ్గు గుట్టలుగా మిగిలిపోయింది. 1959 సెప్టెంబర్ 26న 60 వేల మంది కార్మికులు రాజధాని బాన్‌లో మౌనంగా ఊరేగింపు తీశారు. ప్రభుత్వం దిగుమతి బొగ్గు మీద సుంకం, హీటింగ్ ఆయిల్ మీద పన్ను వేసింది. అయినా గనులు మూతపడుతూనే ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి ముఖ్యం. 1951 చట్టం ప్రకారం బొగ్గు, ఉక్కు కంపెనీల పర్యవేక్షక బోర్డులో యజమానులకి ఎన్ని స్థానాలో కార్మికులకీ అన్నే. కాబట్టి యూనియన్ గేటు బయట కేకలు వేసే గుంపుగా మిగల్లేదు. లెక్కలు లోపల కూర్చునే చూసింది. 1960ల చివర్లో ఆర్థిక మంత్రి కార్ల్ షిల్లర్ ప్రభుత్వాన్ని, యజమానులను, యూనియన్‌ను కూర్చోబెట్టి మాట్లాడించాడు. 1968లో రూర్ గనుల్లో ఎక్కువ భాగం కలిపి ఒకే కంపెనీ పెట్టారు. యజమానులు గనులు అప్పగించి బాకీ రాయించుకున్నారు, ఆ బాకీకి ప్రభుత్వం హామీ ఉండింది. వాళ్ళకి నష్టమేమీ కాలేదు.

మరి డబ్బు ఎవరిది? జనానిది. కరెంటు కంపెనీలు దేశీయ బొగ్గే కాల్చాలని ఒప్పందం. ఎక్కువ పడే ఖర్చుకి 1975 నుంచి ప్రతి కరెంటు బిల్లులో ‘బొగ్గు పైసా’ వేశారు. 1994లో రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదంది. తర్వాత సబ్సిడీ నేరుగా బడ్జెట్ నుంచి ఇచ్చారు. 1997లో దాన్ని బాగా కోస్తామంటే ఫిబ్రవరి 14న సుమారు 2 లక్షల 20 వేల మంది చేయి చేయి పట్టుకుని 93 కిలోమీటర్ల మానవహారం కట్టారు. మార్చిలో కార్మికులు బాన్‌కి పోయి కూర్చున్నారు. కోత ఆగలేదు, కానీ నిదానమైంది.

2007లో ఆఖరి ఒప్పందం కుదిరింది: 2018 చివరికి సబ్సిడీ బంద్, గనులు బంద్. అప్పటికి 30 వేలకు పైగా ఉన్న కార్మికుల్లో ఎవరినీ రోడ్డున పడేయకూడదు. వయసైనవాళ్ళకి ముందస్తు పెన్షన్, మిగతావాళ్ళకి వేరే పని. గనుల్లో ఊరే నీళ్ళని ఎప్పటికీ తోడుతూ ఉండాలి కాబట్టి ఆ ఖర్చుకి ఒక ఫౌండేషన్ పెట్టారు. 2018 డిసెంబర్ 21న బోట్రోప్‌లో ఆఖరి బొగ్గు ముక్క పైకి వచ్చింది, దాన్ని దేశాధ్యక్షుడి చేతిలో పెట్టారు.

ఇంత చేసినా బొగ్గు నిలవలేదు. రూర్‌లో ఇప్పటికీ నిరుద్యోగం ఎక్కువున్న ఊళ్ళు ఉన్నాయి. దండిగా డబ్బు పోసినారనే విమర్శా నిజమే. కానీ వాళ్ళకి పదకొండేళ్ళ ముందే తేదీ తెలుసు. పిల్లల చదువు, ఇంటి బాకీ ఆ తేదీ చూసి ప్లాన్ చేసుకున్నారు.

మా నాయనకి ఆ టైం దొరకలేదు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో తెల్లారి బెంగళూరు రైలెక్కి సెక్యూరిటీ డ్యూటీకి పోయేవాడు. ఊళ్ళో సైనైడ్ దిబ్బలు ఇంకా అట్లే ఉన్నాయి, గాలి వస్తే దుమ్ము ఇండ్లలోకి వస్తుంది. గని మూయడం తప్పేమో, ఒప్పేమో, నేను చెప్పలేను. నాయన దాన్ని ఎప్పుడూ తప్పనలేదు. “ముందుగా చెప్పింటే చాలు” అనేవాడు, అంతే.

మన పెద్దవాళ్ళ దగ్గర ఆ కాలం యూనియన్ కాగితాలు, నోటీసులు ఏమన్నా ఉంటే ఫొటో తీసి పంపండి. మన వైపు కథ కూడా తేదీలతో రాసి పెడదాము.