ఎంబిరికోస్‌ బెంట్లీని గీసిన దంతవైద్యుడు

మోటారు కారును మొదటి నుంచి చివరి దాకా ఒకే కర్మాగారంలో తయారుచేసి అమ్మడం నేటి పాఠకుడికి సహజంగా తోచే పద్ధతే అయినా, రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఐరోపాలో ఖరీదైన కార్ల వ్యాపారం చాలావరకు అలా నడవలేదు. రోల్స్‌రాయిస్‌, బెంట్లీ, దెలాజ్‌ వంటి సంస్థలు ఇంజనును, గేర్లను, ఇరుసులను, వాటన్నిటినీ మోసే ఉక్కు చట్రాన్ని మాత్రమే తయారుచేసి అమ్మేవి. ఛాసిస్‌ అనబడే ఆ భాగాన్ని కొన్నవారు దానిని మరొక కార్ఖానాకు అప్పగించి, తమ అభిరుచికి, స్తోమతకు తగిన బాడీని దానిమీద కట్టించుకునేవారు. ఇంగ్లండ్‌లో కోచ్‌బిల్డర్లు, ఫ్రాన్స్‌లో కరోసియేలు అనిపించుకున్న ఈ బాడీ నిర్మాతల వృత్తి గుర్రపు బగ్గీల కాలం నుంచి వచ్చినది. వడ్రంగులు ముందుగా గట్టి కర్రతో కారు ఆకారాన్ని అస్థిపంజరంలా నిలబెడితే, రేకు పనివారు ఇసుక సంచి మీద అల్యూమినియం రేకును పెట్టి సుత్తితో కొద్దికొద్దిగా సాగగొడుతూ, వంపు సరిగా వచ్చిందో లేదో అరచేతితో తడిమి చూసుకుంటూ, ఆ అస్థిపంజరానికి చర్మం తొడిగేవారు. ఒకే ఆకృతిలో రెండో కారు పుట్టవలసిన అవసరమే లేని పని కనుక, అచ్చులకు బదులు పనివాడి చేయి, కన్ను కొలతలుగా నిలిచాయి.

ఇంతమంది చేతులు పడిన వస్తువుకు పేరు పెట్టేటప్పుడు మాత్రం వృత్తిలో ఒక స్థిరమైన వరుస ఉండేది: మొదట ఛాసిస్‌ చేసిన సంస్థ పేరు, తర్వాత బాడీ కట్టిన సంస్థ పేరు, కొన్నవాడు ప్రముఖుడైతే అతని పేరు. హైదరాబాద్‌ చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులు చూసే పసుపు రంగు సింహాసన కారును కూడా నిజాం గారి రోల్స్‌రాయిస్‌ అనీ, కాస్త తెలిసినవారు బార్కర్‌ బాడీ అనీ చెబుతారు గాని, దాని గీత ఎవరిదన్న ప్రశ్న వేయరు. కాగితం మీద మొదటి గీత గీసినవాడు ఈ వరుసలో ఎక్కడా కనిపించకపోవడం ఆ వృత్తి ఆచారమే తప్ప ఎవరో ఒకరి అన్యాయం కాదు. అయినా, ఆ ఆచారం ఎంత విలువైన మనిషిని మరుగున పడేయగలదో తెలుసుకోవడానికి 1938లో పారిస్‌ శివార్లలో తయారైన ఒక బెంట్లీని మించిన ఉదాహరణ లేదు.

ఆ కారును ఈనాటికీ ఎంబిరికోస్‌ బెంట్లీ అనే అంటారు. ఆంద్రే ఎంబిరికోస్‌ పారిస్‌లో నివసించిన గ్రీకు సంపన్నుడు, పందేల డ్రైవరు. అతని కోసం బెంట్లీ నాలుగుంపావు లీటర్ల ఛాసిస్‌ మీద మార్సెల్‌ పూర్తూ అనే కరోసియే ఒకే ఒక్క బాడీ కట్టాడు. అప్పటి బెంట్లీలకు ముందువైపు ఆలయ ద్వారంలా నిటారుగా నిలిచే రేడియేటరు, విడివిడిగా ఉబికిన మడ్‌గార్డులు, వెనుక నిలువుగా దిగే డిక్కీ ఉండగా, ఈ కారులో రేడియేటరును గుండ్రని ముక్కు వెనుక దాచి, పైకప్పును ముందు అద్దం నుంచి తోక వరకు ఒకే వాలుగా దించారు. బాడీకి వాడిన డ్యురాల్యుమిన్‌ అల్యూమినియంలో కొద్దిగా రాగి, మరికొన్ని లోహాలు కలిపి చేసిన మిశ్రమం. అది విమానాలకు వాడే రేకు. కారు మీద బెంట్లీ పేరు ఉంది, చరిత్రలో పూర్తూ పేరు, ఎంబిరికోస్‌ పేరు నిలిచాయి. గీసిన జార్జ్‌ పోలాన్‌ పేరు మాత్రం చాలాకాలం ఈ వృత్తి చరిత్రకారులకు తప్ప తెలియలేదు.

1902లో జన్మించిన పోలాన్‌ వృత్తిరీత్యా దంతవైద్యుడు. కార్ల కర్మాగారంలో శిక్షణ పొందినవాడు కాడు. అతని జాడ పట్టి ఇవ్వగలిగినది పేటెంటు. కరోసియే కార్ఖానాలో గీసిన చిత్రం సంతకం లేకుండా సంస్థ సొత్తుగా మిగిలిపోవచ్చు గాని, కొత్త యంత్ర కల్పనకు ప్రభుత్వం ఇచ్చే హక్కుపత్రంలో కల్పించినవాడి పేరు దాగదు. 1930ల తొలి సంవత్సరాల్లో పోలాన్‌ హక్కు పొందిన ఆ కల్పన పేరు ఎక్లిప్స్‌, అంటే గ్రహణం. అంతవరకు టాపు తీసే కార్లకు మందపాటి గుడ్డ, దాన్ని మోసే మడత కమ్ములు ఉండేవి. వానలో దాన్ని విప్పడం, బిగించడం ఎంతో ప్రయాస. పోలాన్‌ గుడ్డను తీసేసి గట్టి రేకు పైకప్పునే కదిలించాడు. సాధారణంగా వెనుక అంచు నుంచి పైకి లేచే డిక్కీ మూతకు, వెనుక అంచున బందులు పెట్టి, అది మొసలి నోరులా వెనక్కి తెరుచుకునేట్లు చేశాడు; అప్పుడు పైకప్పు చేతుల వంటి రెండు కమ్ముల మీద లేచి, వెనక్కి జరిగి, ఆ నోటిలోకి దిగి, మూత మళ్లీ మూసుకునేది. సూర్యబింబం చాటుకు పోయినట్లు కప్పు కనుమరుగయ్యే తీరును చూస్తే ఆ పేరు ఎంత సార్థకమో బోధపడుతుంది. తొలి కార్లలో ఈ కదలికను విద్యుత్‌ మోటారు నడిపింది. నేడు రేకు కప్పును డిక్కీలోకి మడుచుకునే ఖరీదైన కార్లన్నిటికీ మూలసూత్రం ఇదే.

ఈ కల్పన ముగ్గురిని కలిపింది. పారిస్‌లో ప్యుజో కార్లు అమ్మే ఎమిల్‌ దార్ల్‌మా, 1925లో బూజివాల్‌లో కార్ఖానా పెట్టి తర్వాత ర్యుయీ-మల్మెజోన్‌కు మార్చిన పూర్తూ, గీసే పోలాన్‌ ఒక జట్టయ్యారు. 1934 నుంచి ప్యుజో 401, 601 ఛాసిస్‌ల మీద ఎక్లిప్స్‌ కార్లు రాగా, ఆ తర్వాత ప్యుజో సంస్థ హక్కులు తీసుకుని 402 నమూనాలో తానే తయారుచేసింది. 1937లో ఈ ముగ్గురూ తయారుచేసిన చిన్న దార్ల్‌మా పందెపు కార్లు మూడు లెమాన్స్‌ 24 గంటల పోటీకి వెళ్లి, మూడూ గమ్యం చేరి, 7, 8, 10 స్థానాలు పొందాయి; మరుసటి ఏడు వాటిలో ఒకటి 5వ స్థానానికి ఎదిగి రెండు లీటర్ల తరగతిలో ప్రథమంగా నిలిచింది. వాటి ఇంజను సాధారణ ప్యుజో కారు ఇంజనే కనుక, ఆ ఫలితంలో ఆకృతి వాటా ఎంతో ఊహించవచ్చు.

పోలాన్‌ ప్రతిభను అలంకారంగా చూసేవారు అతనిని తక్కువ చేసినట్లే. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. అందువల్ల ఒక హద్దు దాటిన తర్వాత ఇంజను శక్తిలో అధికభాగం గాలిని పక్కకు తోయడానికే ఖర్చవుతుంది. గాలి ముక్కు దగ్గర చీలి, తోక దగ్గర సుడులు తిరగకుండా మళ్లీ కలుసుకునే ఆకారం ఇస్తే, ఇంజనులో పెద్ద మార్పు లేకుండానే వేగం పెరుగుతుంది. మామూలు బాడీతో గంటకు 90 మైళ్ల ప్రాంతంలో ఆగే బెంట్లీ ఛాసిస్‌ మీద ఈ సూత్రాన్ని ప్రయోగించే అవకాశం, పారిస్‌లో రోల్స్‌రాయిస్‌, బెంట్లీల వ్యాపారం చూసే వాల్టర్‌ స్లీటర్‌ చొరవతో పోలాన్‌కు దక్కింది. 1939లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్‌ వలయంలో జార్జ్‌ ఐస్టన్‌ అనే డ్రైవరు ఎంబిరికోస్‌ కారును గంటసేపు ఆపకుండా నడిపి 114 మైళ్లకు పైగా, అంటే సుమారు 184 కిలోమీటర్లు ప్రయాణించాడు. నలుగురు కూర్చుని ఊళ్లు తిరిగే కార్లకోసం చేసిన ఛాసిస్‌ అది.

ఆ ఫలితం చూసి అప్పట్లో బెంట్లీని నడిపిన రోల్స్‌రాయిస్‌ యాజమాన్యం పోలాన్‌ చేత కోర్నీష్‌ అనే కొత్త కారు గీయించింది. పారిస్‌లోని వాన్‌వూరెన్‌ సంస్థ దాని బాడీ కట్టింది. 1939 వేసవిలో ఫ్రాన్స్‌ రోడ్లమీద పరీక్షలు జరుగుతుండగా కారు ప్రమాదానికి గురైంది. ఛాసిస్‌ను ఇంగ్లండ్‌కు పంపారు, బాగుచేసిన బాడీ దియెప్‌ రేవు చేరింది. అంతలో యుద్ధం వచ్చింది. రేవులోనే బాంబు దాడిలో ఆ బాడీ నాశనమైంది.

1940లో ఫ్రాన్స్‌ జర్మన్ల వశమైన తర్వాత పోలాన్‌ బ్రిటిష్‌ గూఢచార వర్గాలకు రహస్య సమాచారం అందించే బృందంలో చేరాడు. అతనితోపాటు అందులో పనిచేసిన జాక్‌ కెల్నర్‌ కూడా ఈ వృత్తివాడే. పారిస్‌లో పేరుమోసిన కరోసియే కుటుంబంలోనివాడు. 1941లో వారు పట్టుబడ్డారు. 1942 మార్చిలో పారిస్‌కు పడమటనున్న మోన్‌-వలేరియాన్‌ కోటలో ఇద్దరినీ కాల్చి చంపారు. పోలాన్‌కు అప్పటికి నలభై ఏళ్లు. వందలాది ప్రతిఘటన యోధుల రక్తం పారిన ఆ కొండ, పూర్తూ కార్ఖానా ఉన్న ర్యుయీ-మల్మెజోన్‌ పొలిమేరను ఆనుకునే ఉంటుంది. పోలాన్‌ గీతలు రేకుగా మారిన చోటికీ, అతని ప్రాణం పోయిన చోటికీ నడుమ నడిచి వెళ్లగల దూరమే. యుద్ధం ముగిశాక ఫ్రాన్స్‌ అతనికి మరణానంతరం ప్రతిఘటనోద్యమ పతకం ఇచ్చి గౌరవించింది.

కారు మాత్రం బతికింది. యుద్ధం తర్వాత 1949లో తొలిసారి లెమాన్స్‌ పోటీ జరిగినప్పుడు, హే అనే ఆంగ్లేయుడు పదకొండేళ్ల పాత ఎంబిరికోస్‌ బెంట్లీని సంస్థ సాయం లేకుండానే పోటీకి దించి 6వ స్థానంలో నిలిచాడు. 1950లోను, 1951లోను అదే కారుతో మళ్లీ వెళ్లి, రెండుసార్లూ పోటీ పూర్తిచేశాడు. 1952లో బెంట్లీ విడుదల చేసిన ఆర్‌-టైప్‌ కాంటినెంటల్‌ను, అనగా వెనక్కి వాలుగా జారే పైకప్పుతో యుద్ధానంతర కాలపు అత్యంత సుందరమైన కార్లలో ఒకటిగా పేరుపొందిన నమూనాను, ఎంబిరికోస్‌ కారు పక్కన నిలిపి చూస్తే వాటి బంధుత్వం ఎవరికైనా కనిపిస్తుంది. అయితే ఆ ఘనతలో పెద్ద వాటా ఇంగ్లండ్‌లోని రూపకర్తలకే వెళ్లింది. వారు సమర్థులే, కానీ ఇటువంటి ఆకారం బెంట్లీకి నప్పుతుందని ముందుగా రుజువు చేసినవాడు అప్పటికి పదేళ్ల కిందటే మరణించాడు.

2019లో తన నూరేళ్ల పండుగకు బెంట్లీ సంస్థ దియెప్‌లో పోగొట్టుకున్న కోర్నీష్‌ను మళ్లీ నిర్మించింది. బాడీ ముక్క ఒక్కటీ మిగలలేదు కనుక, పనివారికి ఆధారమైనవి 1930ల నాటి సాంకేతిక చిత్రాలే. ఈసారి ఆ కారును పరిచయం చేస్తూ సంస్థ చెప్పిన కథలో ఛాసిస్‌ చేసినవారితోను, బాడీ కట్టినవారితోను సమానంగా జార్జ్‌ పోలాన్‌ పేరు కూడా ఉంది.