నూట ఇరవై, ఆరొందల ఇరవై

1901లో కొడాక్ వాళ్ళు నంబర్ 2 బ్రౌనీ అనే అట్టడబ్బా కెమెరా కోసం 120 ఫిల్ము తెచ్చారు. ఆ కెమెరా ఏనాడో పోయింది, ఫిల్ము మాత్రం ఇప్పటికీ కొత్తది దొరుకుతోంది. ఖరీదైన రోలైఫ్లెక్సులో అదే, మనవైపు ఇళ్ళల్లో ఉండే చవక ఆగ్ఫా క్లిక్-3లోనూ అదే: చుట్టకి పన్నెండు చదరపు బొమ్మలు.

1930ల మొదట్లో కొడాకే 620 తెచ్చింది. ఫిల్ము అదే, కండె మాత్రం సన్నం! 620 కెమెరా కొన్నవాళ్ళు ఇక 620 ఫిల్మే కొనాలి. (ఈ కిటుకు మా సాఫ్ట్‌వేరు వాళ్ళు కొత్తగా కనిపెట్టిందేం కాదన్నమాట.) 1995లో 620 ఆపేశారు. ఇప్పుడు నాలాంటి వాళ్ళం చీకట్లో 120ని విప్పి పాత కండెకి చుట్టుకుంటున్నాం.

మీ అటక మీద అలాంటి కెమెరా ఉంటే వెలుతురులో మూత తీయకండి. లోపల తాతగారు సగంలో వదిలేసిన చుట్ట ఉండొచ్చు. నలుపు తెలుపు ఫిల్ము దశాబ్దాల తర్వాత కడిగినా ఒక్కోసారి మొహాలు కనిపిస్తాయి.