చచ్చిన ఫోను ఎవరికి అప్పజెప్పాలి?

మన ఇళ్ళలో ఏ సొరుగు లాగినా రెండు మూడు పాత సెల్ ఫోన్లు బయటపడతాయి. అమ్మిన అంగడివాడు వాటిని తిరిగి తీసుకోవాలా అని చాలామంది అడుగుతున్నారు. మేము రైల్వే కాగితాల మధ్య బతికినవాళ్ళం, రూలు చూడకుండా జవాబు చెప్పలేం.

మొదట బ్యాటరీల సంగతి. 2001 నాటి కేంద్ర నియమాల్లో, కొత్త బ్యాటరీ అమ్మే డీలరు పాతది వెనక్కి తీసుకుని ధరలో తగ్గింపు ఇవ్వాలని రాశారు. ఇన్వర్టరు బ్యాటరీ మార్చినవాళ్ళకు ఇది తెలుసు. సీసం లోహానికి బజారులో ధర ఉంది కాబట్టే ఆ రూలు నడిచిందని మా అభిప్రాయం.

సెల్ ఫోనుకు అలా జరగలేదు. 1995 జూలై 31న జ్యోతి బసు కలకత్తా నుండి ఢిల్లీలో ఉన్న సుఖ్‌రాంతో మాట్లాడినది మన దేశంలో మొదటి మొబైల్ కాల్. ఈ-వ్యర్థాల నియమాలు అమలైనది 2012 మే 1న, దాదాపు పదిహేడేళ్ళకు. అందులో భారం కంపెనీ మీదే, అంగడివాడికి విడిగా బాధ్యత రాయలేదు.

2016 నియమాల్లో డీలరు పేరు వచ్చింది. కంపెనీ తరఫున వసూలు బాధ్యత ఉన్న డీలరు, పాత వస్తువులు వేయడానికి అంగట్లో పెట్టె గానీ, గుర్తు పెట్టిన జాగా గానీ ఉంచాలి. చేరినవాటిని కంపెనీ చెప్పిన చోటికి పంపాలి. డిపాజిట్ పథకం ఉంటే డబ్బు గిరాకీకి తిరిగి ఇవ్వాలి. "కంపెనీ తరఫున బాధ్యత ఉన్న" అనే మాట దగ్గరే ఉంది కిటుకంతా. కంపెనీ అప్పజెప్పకపోతే ఆ రూలు అంగడివాడికి తగలదు. బీదరులో మేము తిరిగిన అంగళ్ళలో ఆ పెట్టె ఎక్కడా కనబడలేదు. ఎక్స్‌ఛేంజి ఆఫరు ఉంటుంది, అది పని చేసే ఫోనుకు.

కాలిఫోర్నియాలో ఇలాంటి సందు పెట్టలేదు. 2004లో చట్టం చేసి, 2006 జూలై 1 నుండి ఫోన్లు అమ్మే అంగళ్ళు పాతవి ఉచితంగా తీసుకోవాలన్నారు. యూరప్‌లో 400 చదరపు మీటర్ల పెద్ద అంగళ్ళు, ఏమీ కొనకపోయినా, 25 సెంటీమీటర్ల లోపు వస్తువులు తీసుకోవాలి.

మన రాష్ట్రంలో పాత సామాను విప్పి లోహాలు తీసేవాళ్ళు లేకపోలేదు. బెంగళూరు దగ్గర దాబస్‌పేటలో ఈ-పరిసర 2005 నుండి ఉంది. ఇక్కడి నుండి దాదాపు 700 కిలోమీటర్లు. సరుకు ఉంది, చేరే స్టేషనూ ఉంది, మధ్యలో బుకింగ్ ఆఫీసే లేదు. వెండి తీగ ముక్క కూడా పారేయని బిద్రీ పనివాళ్ళ ఊరు మనది. రాగి, వెండి, కాస్త బంగారం ఉన్న ఫోన్లు ఇక్కడే సొరుగుల్లో పడి ఉన్నాయి!

ఇప్పుడు నడుస్తున్నవి 2022 నియమాలు, 2023 ఏప్రిల్ 1 నుండి అమలు. వీటిలో డీలరు అధ్యాయమే తీసేశారు. కంపెనీలు రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొని లెక్క చూపాలి: 2023-24కు 60 శాతం, 2027-28 నుండి 80 శాతం. కాగితం మీద లెక్క కుదురుతుంది. మన గిరాకీ ఏ గడప ఎక్కాలో మాత్రం అందులో దొరకదు.

ఉబ్బిన బ్యాటరీ ఉన్న ఫోను చెత్తబండిలో వేయకండి, కబాడీవాడికీ ఇవ్వకండి. సంఘం ఆఫీసులో ఒక పెట్టె పెట్టి, నిండాక రిజిస్టరైన రీసైక్లరుకు పంపి రసీదు తీసుకుందామని వచ్చే సమావేశంలో అడగబోతున్నాం. తెచ్చేవాళ్ళు సిమ్ తీసి, ఫోటోలు తుడిచి తెండి.