ఒక బల్బుకు చాలినంత కరెంటు

కైరుప్పల అనగానే మనకు ఉగాది మరునాడు అక్కడ జరిగే పిడకల సమరం గుర్తుకు వస్తుంది. ఆ వేడుకలో తగిలిన దెబ్బ కంటికి కనబడుతుంది. ఆ చుట్టుపక్కల ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పొలాలలో బోరు మోటారు స్టార్టరు పెట్టె కొట్టే దెబ్బ మాత్రం చాలాసార్లు ఒంటిమీద చిన్న మచ్చగానైనా మిగలదు. ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన కాలంలో అటువంటివారిని మోసుకొచ్చిన బంధువులు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "మామూలు కరెంటే కదా సార్, ప్రాణం తీస్తుందా?" ఆ ప్రశ్నకు జవాబు రెండు వందల ఏళ్ల నాటి ఒక లెక్కలో ఉంది. పాఠకులారా, ఆ లెక్క పుట్టిన కథను ముందుగా తెలుసుకుందాం.

విద్యుత్తును కొలిచే పరికరాలు లేని రోజులలో, ఇంగ్లండుకు చెందిన హెన్రీ కావెండిష్ తన శరీరాన్నే పరికరంగా వాడుకొన్నాడు. ఉప్పునీటితో నింపిన గాజు గొట్టాల గుండా విద్యుత్తును తన దేహంలోకి పంపుకొని, షాకు ఏ గొట్టంతో ఎక్కువగా ఉందో, దేనితో తక్కువగా ఉందో పోల్చి, 1781లోనే నిరోధపు నియమాన్ని గ్రహించాడు. దానిని ప్రచురించలేదు. మాక్స్‌వెల్ ఆ కాగితాలను పరిష్కరించి 1879లో వెలువరించేవరకు లోకానికి ఆ సంగతి తెలియలేదు.

ఈలోగా జర్మనీలో తాళాలు చేసే వృత్తివాని కుమారుడు, పాఠశాల ఉపాధ్యాయుడు అయిన జార్జ్ సైమన్ ఓమ్ అదే నియమాన్ని స్వతంత్రంగా కనుగొన్నాడు. నాటి బ్యాటరీల బలం నిలకడగా ఉండేది కాదు. అందుచేత బిస్మత్, రాగి లోహాలను కలిపి, ఒక అతుకును మరిగే నీటిలోను, రెండవదానిని మంచులోను ఉంచి స్థిరమైన విద్యుత్తును సాధించాడు. వేర్వేరు పొడవుల రాగి తీగలతో ప్రయోగాలు చేసి, 1827లో తన గ్రంథాన్ని ప్రకటించాడు. స్వదేశంలో ఆదరణ లభించక ఉద్యోగాన్ని వదులుకొన్నాడు. లండన్ రాయల్ సొసైటీ 1841లో కోప్లే పతకం ఇచ్చిన తరువాతనే అతని విలువ లోకానికి తెలిసింది. ఇంచుమించు అదే సమయంలో జేమ్స్ జౌల్, తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికీ నిరోధానికీ అనుపాతంలో ఉంటుందని నిరూపించాడు.

వారు మనకు మిగిల్చిన లెక్క చాలా సులువు. వోల్టులు తోసే బలం, ఆంపియర్లు ప్రవాహం, ఓములు అడ్డు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం వస్తుంది. ఆ రెండింటినీ గుణిస్తే సామర్థ్యం, అంటే వాట్లు వస్తాయి. 230 వోల్టుల మీద వెలిగే 60 వాట్ల పాత బల్బును తీసుకోండి. 60ని 230తో భాగిస్తే కరెంటు సుమారు 0.26 ఆంపియరు. 230ని 0.26తో భాగిస్తే నిరోధం దాదాపు 885 ఓములు.

ఇప్పుడు మన శరీరం సంగతి చూద్దాం. తడిసిన మనిషి నిరోధం సుమారు 1,000 ఓములు, అంటే దాదాపు ఆ బల్బుతో సమానం. 230 వోల్టులు తగిలితే 0.23 ఆంపియరు, అనగా 230 మిల్లీ ఆంపియర్లు దేహం గుండా పోతాయి. కాలిఫోర్నియాకు చెందిన ఛార్లెస్ డాల్జీల్ పరీక్షల ప్రకారం, సగటున పురుషులకు 16, స్త్రీలకు 10.5 మిల్లీ ఆంపియర్లు దాటితే పట్టిన తీగను వదలలేరు. అంతకు కొన్ని రెట్లు ఎక్కువైతే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణుకుతుంది. పొడి చర్మాన్ని కూడా నమ్మవద్దు. ఇంటి వోల్టేజికే దాని అడ్డు చాలావరకు కూలిపోతుంది.

"ఫ్యూజు ఉంది కదా" అనుకోకండి. 5 హార్స్‌పవర్ మోటారు 7 ఆంపియర్ల వరకు లాగుతుంది కనుక ఫ్యూజు అంతకంటె పెద్దదే వేస్తారు. మనిషిలోంచి పోయే 0.23 ఆంపియరు దానికి లెక్కలోనిది కాదు. కాపాడవలసినది ఎర్తింగు. ఎర్తు నిరోధం 5 ఓములైతే, పెట్టెకు కరెంటు తగిలినప్పుడు 46 ఆంపియర్లు భూమిలోకి పోయి ఫ్యూజు ఎగిరిపోతుంది. వానలు లేక గుంత ఎండి ఆ నిరోధం 100 ఓములకు పెరిగితే పోయేది 2.3 ఆంపియర్లే. ఫ్యూజు ఎగరదు, ఇనుప పెట్టె మృత్యువై కాచుకొని ఉంటుంది. మన మెట్ట ప్రాంతానికి అసలు ప్రమాదం ఇదే.

అందుచేత ఎండకాలంలో మెయిన్ ఆపివేసి, బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తు గుంతను నీటితో తడుపుతూ ఉండండి. ఎర్తు నిరోధాన్ని ఏడాదికొకసారి ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోయే లీకేజి బ్రేకరును పెట్టించండి. తడి చేతులతో, తడి నేలమీద నిలిచి స్టార్టరును తాకవద్దు. ఎవరికైనా షాకు కొడితే ముందు మెయిన్ ఆపండి; అంతవరకు వారిని ముట్టుకోవద్దు. శ్వాస లేకపోతే 108కి ఫోను చేయించి, ఛాతీ నడుమ నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి.

కావెండిష్ తెలిసి, కొద్దికొద్దిగా షాకులు తిని ఈ నియమాన్ని గ్రహించాడు. మన రైతు తెలియక ఒక్కసారే తింటున్నాడు. మీ పిల్లలు బడిలో ఓమ్ సూత్రం చదువుకొని వచ్చిన నాడు, ఈ లెక్కను వారిచేతనే మీ ఇంటి స్టార్టరు పెట్టెకు వేయించి చూడండి.